అక్వేరియం ముందు గ్లాస్ మీద గీతలు: పాలిష్ చేస్తే పోతాయా, గ్లాసే మార్చాలా?

నీలిగాజు:

అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్‌లో 4 అడుగుల ట్యాంక్ తీసుకున్నాను. 4 × 1.5 × 1.5, 10 ఎంఎం మామూలు ఫ్లోట్ గ్లాస్, పైన రిమ్ (అంచు చుట్టూ పట్టీ) లేదు, బ్రేస్ (అడ్డంగా బిగించే పట్టీ) లేదు. ప్రస్తుతం ఖాళీగానే ఉంది. ముందు గ్లాస్ పరిస్థితి ఇదీ:

లోపలి వైపు కింద, ఇసుక మట్టానికి కాస్త పైన సన్నటి గీతలు గుంపుగా ఉన్నాయి. మ్యాగ్నెట్ క్లీనర్‌లో ఇసుక ఇరుక్కున్నా అలాగే రుద్దినట్టున్నారు. బయటి వైపు మధ్యలో అరచెయ్యంత మేర మసక. లైటు పక్క నుంచి పడితేనే కనబడుతోంది. బయటే కుడి పక్కన 7 అంగుళాల పొడవు గీత ఒకటి, గోరు పెట్టి లాగితే దాంట్లో ఆగుతోంది. ఇవి చాలవన్నట్టు పై అంచుకి రెండంగుళాల కింద తెల్లటి చారలు, ఎంత తుడిచినా పోవట్లేదు.

కొందరు టూత్‌పేస్ట్ చాలంటున్నారు, కొందరు గాజు పాలిష్ చేసే పొడి సీరియం ఆక్సైడ్ అంటున్నారు. ఇంట్లో 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ ఉంది, దానికి ప్యాడ్ తగిలిస్తే సరిపోతుందా? పాలిష్ చేస్తే గ్లాస్ పలచబడి, నీళ్లు పోశాక పగిలే ప్రమాదం ఉందా? లోపల వాడితే ఆ పొడి చేపలకి హాని చేస్తుందా?

గాజుపని:

గ్రైండర్ ఆలోచన ముందు మానుకోండి. ఆ మెషిన్ తిరిగేది 11,000 ఆర్‌పీఎం దగ్గర. 4 అంగుళాల ప్యాడ్ అంచు సెకనుకి 58 మీటర్ల వేగంతో పోతుంది. మీరు పూసిన పాలిష్ మొత్తం గోడల మీదకి చిమ్ముతుంది, ఎండిన ప్యాడ్ రాపిడికి ఒక్కచోటే వేడెక్కి గ్లాస్ టప్పున చీలుతుంది. మామూలు ఫ్లోట్ గ్లాస్ ఒకచోటికీ పక్కచోటికీ మధ్య 40 డిగ్రీల తేడా వస్తేనే పగిలే స్థితికి చేరుతుంది. తడి చేతులు, నీళ్లు, కరెంటు మెషిన్ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

టూత్‌పేస్ట్ సంగతి. అందులో రుద్దే పదార్థం కాల్షియం కార్బొనేట్ గానీ హైడ్రేటెడ్ సిలికా గానీ ఉంటుంది. పంటి ఎనామెల్ అరిగిపోకూడదని చూసుకుని కలిపినవి అవి. ఎనామెల్ కాఠిన్యం మోస్ స్కేలు మీద 5 దగ్గర, గ్లాస్‌ది 5.5 దాకా ఉంటుంది. పన్నునే అరగదీయనిది గ్లాస్‌ని ఏం అరగదీస్తుంది? గీతలో పేస్ట్ ఇరుక్కుని కాసేపు మాయమైనట్టు కనబడుతుంది, కడిగితే మళ్లీ ప్రత్యక్షం. వంట సోడా కూడా అంతే.

మీరు చెప్పిన నాలుగింటికీ మందు ఒకటి కాదు. తెల్లటి చారలు గీతలు కాకపోవచ్చు, బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఉంటుంది. పాలిష్ మొదలుపెట్టే ముందు ఆ సంగతి తేల్చుకోండి. నిమ్మ ఉప్పు ఒక చెంచా (5 గ్రాములు) 100 మి.లీ. నీళ్లలో కరిగించి, టిష్యూ తడిపి చార మీద అతికించి 15 నిమిషాలు వదిలేయండి. తర్వాత మెత్తటి స్పాంజితో రుద్దితే ఉప్పయితే వచ్చేస్తుంది. మొండిదైతే రెండోసారి పెట్టండి. ఒక్క జాగ్రత్త: ట్యాంక్ కడప బండ మీదో షాబాద్ బండ మీదో ఉంటే కింద ప్లాస్టిక్ షీటు పరవండి. అవి సున్నపురాళ్లు, ఆమ్లం చుక్క పడిన చోటల్లా బండ మెరుపు పోయి తెల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చ తీయడం ఇంకో పెద్ద పని.

మిగతా మూడింటికి గోరే కొలత. గోరు ఆగకుండా జారిపోయే గీతలు, మసక ఇవి సీరియం ఆక్సైడ్‌తో పోతాయి. గోరు ఆగేదాన్ని ఒక్క సీరియంతో తీయాలంటే చేతులు పడిపోవాలి తప్ప గీత పోదు. దానికి ముందు గరుకు కాగితంతో అరగదీయాలి, అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది.

మంచినీటిచేప:

లోపలి గీతలకి ఒక చిన్న పరీక్ష చెయ్యండి నీలిగాజు గారూ. ఆ చోట వేలితో నీళ్లు పూసి, ముందు నుంచి చూడండి. మాయమైతే వాటి జోలికి వెళ్లొద్దు.

ఎందుకంటే గీత కనబడేది గ్లాస్‌కీ దాన్ని ఆనుకున్నదానికీ మధ్య వక్రీభవన గుణకం తేడా వల్ల. గ్లాస్‌ది 1.52, గాలిది 1, నీళ్లది 1.33. గాలి ఆనుకున్న ముఖం నుంచి 4 శాతం వెలుతురు వెనక్కి వస్తుంది, నీళ్లు ఆనుకున్న ముఖం నుంచి అర శాతం కూడా రాదు. ఖాళీ ట్యాంక్‌లో ఘోరంగా కనబడే గీతలు నింపాక సగానికి పైగా కనబడవు. పైగా మీవి ఇసుక మట్టం దగ్గరే ఉన్నాయి. ముందు అంచున ఇసుక ఇంకో అంగుళం ఎక్కువ పోస్తే అయిపోయే పనికి లోపల ప్యాడ్ తిప్పడం దండగ.

బయటి వైపు మాత్రం ఎప్పుడూ గాలే కాబట్టి అక్కడి గీతలు నీళ్లు పోసినా అలాగే ఉంటాయి. మీ ఓపికంతా అటు ఖర్చు పెట్టండి.

పొడి సంగతి అడిగారు. సీరియం ఆక్సైడ్ నీళ్లలో దాదాపు కరగదు. అయినా చేపలున్న ట్యాంక్‌లో వాడే వస్తువు కాదది. సన్నటి పొడి నీళ్లలో తేలుతూ మొప్పలకి తగులుతుంది, ఫిల్టర్ స్పాంజిలో చేరుతుంది, సిలికోన్ అతుకుల్లో గులాబీ రంగు చారగా ఉండిపోతుంది. ఈ చర్చ చదివేవాళ్లలో నడుస్తున్న ట్యాంక్ ఉన్నవాళ్లకి: లోపల చేయాల్సే వస్తే చేపల్ని పాత నీళ్లతోనే టబ్బులోకి మార్చి ఎయిర్ స్టోన్ పెట్టండి. ఫిల్టర్ మీడియాని అదే నీళ్లలో ముంచి ఉంచండి, ఎండితే నీళ్లని శుభ్రపరిచే బాక్టీరియా పోయి సైకిల్ (వాటిని పెంచే పని) మళ్లీ మొదటికొస్తుంది. బయటి వైపు అయినా మెషిన్ పెట్టేటప్పుడు చేపలు లోపల ఉండకూడదు. ఆ అదురుకి అవి గ్లాస్‌కి కొట్టుకుంటాయి.

గాజుపని:

పైన చెప్పింది నిజం, లోపల వదిలేయండి. బయటి మసకకి పద్ధతి చెప్తాను.

కావలసినవి: వేగం తగ్గించుకోగల డ్రిల్ మెషిన్ (బ్యాటరీదైతే మేలు, కరెంటుదైతే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉన్న లైన్‌కే పెట్టండి), దానికి బిగించే 3 అంగుళాల గట్టి ఫెల్ట్ ప్యాడ్, 100 గ్రాముల సీరియం ఆక్సైడ్, నీళ్ల స్ప్రే సీసా, మాస్కింగ్ టేపు, మార్కర్, టార్చి. పొడిని గాజు అంచులు పాలిష్ చేసే షాపుల్లో అడగండి, సీరియం పౌడర్ అంటే ఇస్తారు. 1 నుంచి 3 మైక్రాన్ల సైజు చాలు. గులాబీ కలిసిన గోధుమ రంగులో ఉంటే కల్తీ అనుకోకండి, పాలిషింగ్‌కి వాడేది ఎక్కువగా ఆ రంగే.

వీలైతే ట్యాంక్‌ని వెనక్కి పడుకోబెట్టండి, ముందు గ్లాస్ పైకి చూడాలి. కింద థర్మాకోల్ షీటు తప్పనిసరి. పాలిష్ కారిపోకుండా నిలుస్తుంది, మీ చెయ్యి కూడా సమంగా పడుతుంది. మసక ఎంత మేర ఉందో లోపలి వైపు నుంచి మార్కర్‌తో గీసుకోండి. బయట గీస్తే మొదటి నిమిషంలోనే చెరిగిపోతుంది, తర్వాత ఎక్కడ రుద్దుతున్నామో తెలియదు. సిలికోన్ కనబడే అంచులకి టేపు వేయండి. మొదలుపెట్టే ముందు గ్లాస్‌ని రెండుసార్లు కడగండి. ఒక్క ఇసుక రేణువు ప్యాడ్ కిందకి వచ్చినా పాత మసక బదులు కొత్త చక్రాలు మిగులుతాయి.

రెండు చెంచాల పొడికి నాలుగు చెంచాల నీళ్లు కలిపితే చిక్కటి మజ్జిగలా వస్తుంది. ప్యాడ్‌ని ముందే నీళ్లలో నానబెట్టండి. పొడి ప్యాడ్ పెడితే మిశ్రమంలోని నీళ్లన్నీ అదే తాగేస్తుంది. డ్రిల్ 800 నుంచి 1,200 ఆర్‌పీఎం మధ్య ఉంచండి. 3 అంగుళాల ప్యాడ్‌కి 1,000 దగ్గర అంచు వేగం సెకనుకి 4 మీటర్లు, అంతకన్నా అక్కర్లేదు. మెషిన్ ఆన్ చేసి ప్యాడ్ ఆనించకండి. ముందు ఆనించి, తర్వాత నెమ్మదిగా ట్రిగ్గర్ నొక్కండి. లేకపోతే చిమ్మేది మీ మొహం మీదకే.

ప్యాడ్ మొత్తం సమంగా ఆనాలి. అంచు మీద ఒరిగితే విల్లులాంటి గుర్తులు పడతాయి. మెషిన్ బరువు, చేతి బరువు కొంచెం, అంతే ఒత్తిడి. ఒకేచోట నిలపకుండా, మసక కన్నా మూడు రెట్లు వెడల్పుగా, ముందు అడ్డంగా తర్వాత నిలువుగా తిప్పండి. ప్రతి అర నిమిషానికి ఒకసారి నీళ్లు చిలకరించాలి. సీరియం పనితీరు ఇసుక కాగితం లాంటిది కాదు. నీళ్లు తగిలి మెత్తబడిన పలుచటి గాజు పొరని రసాయనికంగా పట్టుకుని లాగేస్తుంది. నీళ్లు లేకపోతే అక్కడ జరిగేది వేడెక్కడమే.

రెండు నిమిషాలకోసారి ఆపి, చెయ్యి వెనక్కి తిప్పి గ్లాస్ మీద ఆనించండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి తీసేయాలనిపిస్తే ఆపేసి దానంతటదే చల్లారనివ్వండి. తొందరపడి చల్లటి నీళ్లు గుమ్మరిస్తే అప్పుడే పగిలేది. తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, టార్చిని గ్లాస్‌కి దాదాపు సమాంతరంగా పట్టి చూడండి. తడి మీద చూస్తే అన్నీ పోయినట్టే ఉంటుంది, కారణం మంచినీటిచేప గారు పైన చెప్పారుగా. అరచెయ్యంత మసకకి అరగంట నుంచి ముప్పావుగంట పట్టొచ్చు. పది నిమిషాల్లో ఏమీ మారలేదని ఒత్తిడి పెంచకండి.

మందం గురించి బెంగ వద్దు. ఈ పనిలో పోయేది మైక్రాన్లలోనే. మీది 10 ఎంఎం.

కటింగ్‌టేబుల్:

మసక వరకు పై పద్ధతి బాగుంది. ఆ 7 అంగుళాల గీత దగ్గర మాత్రం నేను ఆగమంటాను.

ఎందుకో చెప్తా. దాన్ని తీయాలంటే గీత అడుగు దాకా చుట్టూ గ్లాస్ అంతా దించాలి. సిలికాన్ కార్బైడ్ వాటర్ పేపర్ 400తో మొదలుపెట్టి 600, 800, 1,200, 2,000 దాకా వచ్చి అప్పుడు సీరియం. ప్రతి నంబరుకీ ముందు దాని గుర్తులు మొత్తం పోవాలి. ఒక్కటి దాటేసినా చివర్లో సన్నటి చుక్కలు మిగులుతాయి, సీరియం వాటిని మెరిపిస్తుందే కానీ పూడ్చదు. ఇదంతా ఓపిగ్గా చేశారనుకుందాం. గీత ఉన్నచోట పల్లం పడుతుంది, పల్లం లెన్స్ అవుతుంది. గీత పోయి, దాని వెనక నుంచి వెళ్లే ప్రతి చేపా ఒకసారి సాగి ఒకసారి కుంచించుకుని కనబడుతుంది. ముందు గ్లాస్ మీద గీత కన్నా ఈ అల చూడటమే ఎక్కువ చిరాకు. పల్లాన్ని రెండు అడుగుల మేర పలచగా కలిపేస్తే తగ్గుతుంది గానీ అది చేతి డ్రిల్‌తో అయ్యే పని కాదు.

రెండోది బలం. మీ ట్యాంక్‌లో 18 అంగుళాల నీళ్లుంటే ముందు గ్లాస్ మీద మొత్తం తోపు 125 కిలోల పైనే. గ్లాస్ బయటికి ఉబ్బుతుంది, ఉబ్బినప్పుడు బయటి ముఖం నడిమి భాగం సాగుతుంది. గ్లాస్ నొక్కుడికి ఓర్చుకుంటుంది, సాగుడికే ఓర్చుకోదు, విరగడం ఎప్పుడూ ఉపరితలం మీదున్న లోపం దగ్గరే మొదలవుతుంది. గ్లాస్ కోసేవాళ్లు చేసేది అదే కదా, చక్రంతో గీత పెట్టి వంచుతారు. రిమ్, బ్రేస్ లేని ట్యాంక్‌లో పై అంచు నడుమ కూడా ఇదే పరిస్థితి.

అందుకని చీకట్లో టార్చి పక్క నుంచి వేసి ఆ గీతని చూడండి. గీత వెంబడి గవ్వ పెంకుల్లా చిన్న చిన్న పెచ్చులు లేచి ఉన్నా, గీత అడుగు నుంచి గ్లాస్ లోపలికి అద్దంలా తళుక్కుమనే పలుచటి పొర కనబడినా, అది గీత కాదు, చీలిక. పాలిష్ మాట ఎత్తకుండా గ్లాస్ మార్చేయండి. ఒకరోజు నింపి చూశాం, ఏం కాలేదు కదా అనుకోవడానికీ లేదు. తడి, ఒత్తిడి కలిస్తే చీలిక నెలల తరబడి కొద్దికొద్దిగా పాకుతుంది.

మార్చడం మీరనుకునేంత కష్టం కాదు. అదే సైజు 10 ఎంఎం ముక్క, అంచులు పాలిష్ చేయించి తెచ్చుకోండి. కొత్త సిలికోన్ పాత సిలికోన్‌కి సరిగ్గా అంటుకోదు కాబట్టి బ్లేడుతో పాతది ఆనవాలు లేకుండా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. లోపలి సీల్ కూడా నాలుగు మూలలా కొత్తగా వేయండి. ఫంగస్ నిరోధకం కలిపిన బాత్రూమ్ సిలికోన్ మాత్రం కొనొద్దు, చేపలకి విషం. 10 ఎంఎం గ్లాస్‌కి వారం ఆరనిచ్చాకే నీళ్లు.

పెచ్చులు, చీలిక ఏమీ లేని ఉత్త గీతే అయితే ఖర్చు లేని దారి ఒకటుంది. ట్యాంక్‌ని తిప్పి పెట్టండి. వెనక గ్లాస్ ముందుకి, గీతల గ్లాస్ వెనక్కి. బయట నల్ల ఫిల్మ్ అంటిస్తే కథ ముగిసింది. ముందు మాత్రం వెనక గ్లాస్ కూడా 10 ఎంఎమ్మేనా అని కొలవండి, పాత ట్యాంకుల్లో ఒక్కోసారి వెనక 8 వేసేస్తారు.

నీలిగాజు:

చాలా థ్యాంక్స్ అందరికీ. తెల్లచారలు నిమ్మ ఉప్పుతో పోయాయి. లోపలి గీతలు నీళ్లు పూస్తే కనబడట్లేదు, వదిలేస్తున్నా. టార్చి వేసి చూస్తే పొడుగు గీతలో పెచ్చులేమీ లేవు, వెనక గ్లాస్ కూడా 10 ఎంఎమ్మే. తిప్పేద్దామనుకుంటే వెనక గ్లాస్ బయటి వైపు కూడా చిన్న మసక ఉంది, దాన్ని పాలిష్ చేశాను. పాతది పోయింది, కానీ ఆ చోట పలచటి బూడిద రంగు పొగలా మిగిలింది. టార్చిలో కొన్ని గుండ్రటి గీతలు కూడా కనబడుతున్నాయి. ఇంకా రుద్దాలా?

గాజుపని:

రుద్దే ముందు ఆ పొగ ఏమిటో చూడండి. సగం సందర్భాల్లో అది ఆరిన సీరియమే. తడిగుడ్డతో తుడిచి, కొంచెం వెనిగర్ రాసి, శుభ్రమైన నీళ్లతో కడిగి, మైక్రోఫైబర్‌తో ఆరబెట్టి చూస్తే పోతుంది.

పోలేదంటే పని ఇంకా పూర్తి కాలేదని, లేదా ప్యాడ్ మధ్యలో ఎండిందని అర్థం. ప్యాడ్ పైన గట్టిగా, గాజులా మెరిసే పొర కట్టిందా చూడండి. కట్టి ఉంటే గట్టి బ్రష్‌తో నీళ్ల కింద గీకి మళ్లీ నానబెట్టండి. మిశ్రమం కూడా అడుగుకి చేరిపోతుంది, ప్రతిసారీ కలపకుండా ముంచితే ప్యాడ్‌కి అందేది ఉత్త నీళ్లే.

గుండ్రటి గీతలు సమానదూరంలో విల్లులా ఉంటే ప్యాడ్ ఒరిగిన గుర్తులు, అదే ప్యాడ్‌ని చదునుగా పట్టి మరో పది నిమిషాలు తిప్పితే పోతాయి. ఒకటో రెండో విడిగా, పదునుగా ఉంటే ఇసుక పడింది. ఆ ప్యాడ్ పక్కన పెట్టేయండి, ఎంత కడిగినా రేణువు ఫెల్ట్‌లోంచి రాదు. మిగిలిన మిశ్రమం కూడా పారబోసి కొత్తది కలపండి. ఆరిపోయిన పొడిని ఊడ్చొద్దు, తడిగుడ్డతో ఎత్తండి, ఆ దుమ్ము పీల్చేది కాదు.

పూర్తయ్యాక వెనక ఏదైనా గళ్ల కాగితం పెట్టి, ముందు నుంచి తల అటూ ఇటూ ఆడిస్తూ చూడండి. గళ్లు వంగకపోతే పల్లం పడనట్టే.

రాత్రిబజార్:

పాత చర్చ వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ చెప్పిందంతా గాజుకే. మీది యాక్రిలిక్ అయితే సీరియం, ఫెల్ట్ వద్దు. వేలితో తడితే గాజు ఖంగుమంటుంది, యాక్రిలిక్ డబడబమంటుంది. అంచు నుంచి చూస్తే మామూలు గాజు ఆకుపచ్చగా ఉంటుంది. యాక్రిలిక్‌కి మైక్రోమెష్ గుడ్డలు 1,500 నుంచి 12,000 దాకా వరసగా, చేత్తో, నీళ్లలోనే రుద్దొచ్చు. గోకితే ఎంత తొందరగా గీత పడుతుందో, అంత తొందరగా పోతుంది కూడా.

టఫెన్డ్ గ్లాస్ (వేడి చేసి గట్టిపరిచిన గాజు) అనే అనుమానం ఉంటే వాటర్ పేపర్ జోలికి పోవద్దు. ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, ట్యాంక్ అవతల ఉంచి, పోలరైజ్డ్ కళ్లద్దాల్లోంచి చూడండి. గ్లాస్‌లో నల్లటి నీడలు, మచ్చలు కనబడితే టఫెన్డ్. చాలా రెడీమేడ్ ట్యాంకుల్లో అడుగు గ్లాస్ అదే.

మ్యాగ్నెట్ క్లీనర్ వాడేవాళ్లు ఇసుకకి రెండంగుళాల పైనే ఆపండి. ఆ కింద పాచికి పాత ఏటీఎం కార్డు చాలు. మ్యాగ్నెట్ కిందపడితే అలాగే పైకి లాక్కుని రుద్దకండి, బయటికి తీసి కుళాయి కింద కడిగి, ముఖం మీద వేలు రాసి చూసి మళ్లీ వేయండి.